పాల ధర, ప్రైవసీ చట్టం రెండూ ఒకే సెనేటర్ చేతిలో ఎలా పడ్డాయి? (వెర్మాంట్ పాట్రిక్ లేహీ గురించి)

ఉత్తరపు_చలి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. ఉద్యోగం మారి ఈ మధ్యే అమెరికా ఈశాన్య మూలనున్న వెర్మాంట్ రాష్ట్రానికి వచ్చాం, బర్లింగ్టన్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడ ఎటు తిరిగినా పాట్రిక్ లేహీ అనే పేరు కనిపిస్తోంది. ఎయిర్‌పోర్టుకి ఆయన పేరే, సరస్సు ఒడ్డున పిల్లల్ని తీసుకెళ్లే సైన్స్ సెంటర్‌కీ ఆయన పేరే. 1975 నుంచి 2023 జనవరి దాకా, అంటే 48 ఏళ్లు సెనేట్‌లో ఉన్నారట.

మా దగ్గర్లో పాడి రైతులున్నారు. వాళ్లని కదిలిస్తే లేహీ అంటే పాల ధర, ఆర్గానిక్ ముద్ర, అడవులు అంటారు. మా ఆఫీసులో కంప్లయన్స్ ట్రైనింగ్ పెడితే మాత్రం ఈమెయిల్ గోప్యత, వీడియో రికార్డుల గోప్యత, ఎన్‌ఎస్‌ఏ (అమెరికా నిఘా సంస్థ) తీసుకున్న ఫోన్ రికార్డులు, అన్నింట్లోనూ మళ్లీ ఆయనే. ఈ రాష్ట్రం జనాభా దాదాపు మన గుంటూరు నగరమంత, ఆరున్నర లక్షలు కూడా లేదు. ఇంత చిన్న, పల్లెలే ఎక్కువగా ఉన్న చోటు నుంచి వెళ్లిన మనిషి దేశం మొత్తానికి ప్రైవసీ చట్టాలు ఎలా రాయగలిగాడు? ఈ రెండు పనులకీ సంబంధం ఉందా, లేక ఎక్కువ కాలం కూర్చున్నాడు కాబట్టి అన్నింట్లోనూ చెయ్యి పడిందా? వాటివల్ల నిజంగా ఒరిగిందేమిటి? ఇంకో సంగతి, మన ఎంపీల్లో ఇలా ఒక విషయం పట్టుకుని చట్టాలు రాసినవాళ్లు ఎందుకు కనపడరు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కోర్టుమెట్లు

మంచి ప్రశ్న అండి. నేను హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తాను, అమెరికాలో చదువుకున్నప్పుడు ఈ చట్టాలమీదే పని చేశాను కాబట్టి ప్రైవసీ వైపు నేను చెప్తా, పాల సంగతి ఇంకెవరైనా అందుకోండి.

ఎలా రాయగలిగాడు అంటే, కమిటీల వల్ల. అక్కడ చట్టం పుట్టేది, చచ్చేది కమిటీలోనే. లేహీ 1987 నుంచి 1995 దాకా సెనేట్ వ్యవసాయ కమిటీ చైర్మన్, ఆ తర్వాత 2001 జూన్ నుంచి 2003 జనవరి దాకా, మళ్లీ 2007 నుంచి 2015 వరకూ న్యాయ వ్యవహారాలు చూసే జ్యుడీషియరీ కమిటీ చైర్మన్. ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే సెనేటర్లు కాబట్టి కాలిఫోర్నియా అయినా వెర్మాంట్ అయినా బలం ఒకటే, సీనియారిటీ పెరిగే కొద్దీ చిన్న రాష్ట్రం మనిషికి పెద్ద కుర్చీ దొరుకుతుంది. అదీగాక సెనేట్‌కి రాకముందు ఆయన బర్లింగ్టన్ ఉన్న చిట్టెండెన్ కౌంటీలోనే ప్రాసిక్యూటర్. పోలీసులు వారెంటు ఎప్పుడు అడుగుతారు, ఎప్పుడు అడక్కుండా పని కానిచ్చేస్తారు అన్నది కళ్లారా చూసినవాడు.

1984లో ఆయన న్యాయశాఖ అధిపతి అయిన అటార్నీ జనరల్‌కి ఒక ఉత్తరం రాశారు. ఎలక్ట్రానిక్ మెయిల్‌ని మధ్యలో అడ్డగించి చదివితే అది వైర్‌ట్యాప్ చట్టం కిందికి వస్తుందా రాదా అని. న్యాయశాఖ నుంచి సూటిగా జవాబు రాలేదు, చట్టం అన్నిచోట్లా స్పష్టంగా లేదన్న ధోరణిలో వచ్చింది. 1984 అంటే ఈమెయిల్ అనే మాటే చాలామంది విని ఉండరు. ఎవరూ అడగని ప్రశ్న ముందే అడగడం, జవాబు లేకపోతే చట్టం రాయడానికి పూనుకోవడం, నాకు ఆయనలో బాగా నచ్చే విషయం ఇదే. రెండేళ్లలో, 1986 అక్టోబరులో, ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ యాక్ట్ వచ్చింది. సెనేట్‌లో లేహీ, హౌస్‌లో (దిగువ సభ) విస్కాన్సిన్ సభ్యుడు రాబర్ట్ కాస్టెన్‌మీయర్ ముందుండి నడిపారు, రీగన్ సంతకం పెట్టాడు.

ఇందులో 180 రోజుల నిబంధన అని ఒకటుంది, దాన్ని కాస్త నిదానంగా చూడాలి. సర్వర్‌లో ఉన్న మెయిల్ వయసు 180 రోజుల లోపైతే పోలీసులు జడ్జి దగ్గరికెళ్లి వారెంటు తెచ్చుకోవాలి. అది దాటితే సబ్‌పీనా చాలు, అంటే జడ్జి సంతకం కూడా అక్కర్లేని నోటీసు. అప్పట్లో నిల్వ ఖరీదు, మెయిల్ మన కంప్యూటర్‌లోకి దించుకున్నాక సర్వర్‌లోంచి పోయేది. ఆరు నెలలైనా అక్కడే పడి ఉందంటే సొంతదారు దాన్ని వదిలేసుకున్నట్టే అని లెక్కకట్టారు. తర్వాత జీమెయిల్ వచ్చింది, పదేళ్ల పాత మెయిల్, బ్యాంకు కాగితాలు, డాక్టర్ రిపోర్టులు, భార్యాభర్తల మాటలు అన్నీ సర్వర్‌లోనే. రక్షణ కోసం రాసిన చట్టమే కన్నంగా మారింది.

లేహీ దీన్ని సమర్థించుకుంటూ కూర్చోలేదు. వారెంటు తప్పనిసరి చేస్తూ సవరణ తెచ్చారు, 2012లో ఒకసారి, 2013లో ఇంకోసారి కమిటీ దాటించారు. రెండుసార్లూ చట్టం కాకుండానే ఆగిపోయింది. 2016లో ఇదే ఉద్దేశంతో ఒక బిల్లు హౌస్‌లో 419-0తో, ఒక్కరంటే ఒక్కరు కూడా వ్యతిరేకించకుండా గెలిచింది, సెనేట్‌లో కదల్లేదు. ఈలోపు 2010లో సిక్స్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు ఈమెయిల్‌కి వారెంటు కావాల్సిందే అని తీర్పు ఇవ్వడంతో పెద్ద కంపెనీలు వారెంటు అడగడం మొదలుపెట్టాయి. అంటే ఇవాళ మీ మెయిల్‌కి ఉన్న రక్షణలో ఎక్కువ భాగం కోర్టు చలవ, పుస్తకంలో మాత్రం ఆ 180 రోజులు ఇంకా అలాగే ఉన్నాయి.

వీడియో చట్టం కథ చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా. 1987లో రాబర్ట్ బోర్క్‌ని సుప్రీంకోర్టుకి నామినేట్ చేసినప్పుడు ఒక వాషింగ్టన్ వారపత్రిక ఆయన అద్దెకి తెచ్చుకున్న వీడియో క్యాసెట్ల జాబితా సంపాదించి అచ్చేసింది, 146 సినిమాలు. తప్పుపట్టాల్సింది ఏమీ లేదందులో. బోర్క్ నియామకాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో లేహీ ఒకరు, అయినా ఆ పని తప్పని 1988లో వీడియో ప్రైవసీ చట్టం తెచ్చారు. ఉల్లంఘిస్తే కనీసం 2,500 డాలర్ల పరిహారం. మొదటి ముసాయిదాలో లైబ్రరీ రికార్డులు కూడా ఉండేవి, దర్యాప్తు సంస్థల అభ్యంతరంతో తీసేశారు. ఆ తీసేసిన ముక్కకి పదమూడేళ్ల తర్వాత ఎంత విలువొచ్చిందో ఎవరైనా అడిగితే రాస్తా.

మిల్క్‌షెడ్

మాది ఒంగోలు పక్క, ఇప్పుడు విస్కాన్సిన్‌లో దాణా కంపెనీలో పని. పాల సంగతి నేను చెప్తా, కాకపోతే మా రాష్ట్రం వాళ్లు లేహీని వేరే కంటితో చూస్తారు, అది ముందే చెప్పేయాలి.

వెర్మాంట్ పొలాలు చిన్నవి, కొండవాలు, చలికాలం పొడుగు, మొక్కజొన్న మా అంత పండదు. వ్యవసాయ ఆదాయంలో పెద్ద వాటా పాలదే. 1940ల చివర్లో అక్కడ 11 వేలకు పైగా పాడి ఫారాలు ఉండేవి, ఇప్పుడు ఆరు వందలు కూడా లేవు. పాల ధర రైతు చేతిలో ఉండదు, ఫెడరల్ ఫార్ములా ప్రకారం నెలనెలా మారుతుంది, దాణా ధర మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఈ బాధ మన ఊళ్లో వెన్న శాతం చూసి రేటు కట్టే పాలకేంద్రం దగ్గర క్యూలో నిలబడ్డ ఎవరికైనా వేరే చెప్పక్కర్లేదు.

లేహీ, ఆయన తోటి వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ కలిసి 1996 ఫామ్ బిల్లులో (కొన్నేళ్లకోసారి వచ్చే పెద్ద వ్యవసాయ చట్టం) నార్త్‌ఈస్ట్ డెయిరీ కాంపాక్ట్ అనే ఒప్పందం పెట్టించారు. ఆరు న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు కలిసి తాగే పాలకి ఫెడరల్ రేటు కన్నా ఎక్కువ కనీస ధర కట్టుకోవచ్చు అన్నది దాని సారం. మా విస్కాన్సిన్ వాళ్లు భగ్గుమన్నారు. మా పాలకి ఆ మార్కెట్ మూసేసినట్టే కదా అని. 2001 సెప్టెంబరు 30తో గడువు తీరిపోయింది, మళ్లీ పొడిగించనివ్వలేదు.

దాని బదులు 2002లో ఎంఐఎల్‌సీ అని, పాల ధర పడిపోతే నష్టం కొంత పూడ్చే పథకం వచ్చింది. బోస్టన్‌లో తాగే పాల ధర వంద పౌండ్లకి 16.94 డాలర్ల కన్నా పడిపోతే ఆ తేడాలో 45 శాతం ప్రభుత్వం ఇచ్చేది, ఏ రాష్ట్రం రైతుకైనా. కాకపోతే ఏడాదికి 24 లక్షల పౌండ్ల పాల వరకే. ఆ పరిమితి చూడండి, అప్పటి దిగుబడి ప్రకారం సుమారు 130 ఆవుల మంద. వెర్మాంట్, విస్కాన్సిన్ మాదిరి కుటుంబ ఫారాలకి సరిగ్గా సరిపోయేది, పశ్చిమాన వేల ఆవులున్న ఫారాలకి ఆ డబ్బు ఏ మూలకీ వచ్చేది కాదు. ఒక అంకె ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు ఎవరికి మేలు చేస్తాడో ఆ ఒక్క గీతలో తెలిసిపోతుంది. మా వాళ్లు కూడా దీనికి సంతోషంగా ఓటేశారు.

ఆయన వ్యవసాయ కమిటీ చైర్మన్‌గా ఉన్న 1990 ఫామ్ బిల్లులో రెండు పెద్ద పనులు జరిగాయి. ఒకటి ఆర్గానిక్ ఫుడ్స్ చట్టం. అంతకుముందు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్వచనం, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ఆర్గానిక్ అని రాసుకునేవాళ్లు. ఇవాళ అమెరికా కొట్లో కనిపించే ఆ గుండ్రటి ముద్ర వెనక ఉన్నది ఈ చట్టమే. రెండోది ఫారెస్ట్ లెగసీ, ప్రైవేటు అడవి సొంతదారు దగ్గరే ఉంచి, ప్లాట్లు కొట్టి అమ్మకుండా ఆ హక్కు మాత్రం డబ్బిచ్చి కొనే పథకం.

అన్నీ గెలవలేదు. డెయిరీల్లో పనిచేసే వలస కార్మికులకి వీసా దారి వేయాలని చాలా ఏళ్లు ప్రయత్నించారు. వ్యవసాయ కూలీలకిచ్చే హెచ్-2ఏ వీసా సీజన్ పనులకే, ఆవు పాలు పితకడానికి సీజన్ ఏముంటుంది? ఏడాది పొడవునా పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పితకాల్సిందే. ఇప్పటికీ అది తేలలేదు.

1998లో లేక్ చాంప్లేన్‌ని చట్టంలో ఒక వాక్యం చేర్చి గ్రేట్ లేక్స్‌లో ఆరోదాన్ని చేసేశారు, సరస్సు పరిశోధన నిధుల కోసం. మా వైపు పెద్ద గోల లేచింది, మిషిగన్ సరస్సు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకి అది అవమానంగా తోచింది. వారాల్లోనే ఆ హోదా తీసేశారు, నిధులకి అర్హత మాత్రం ఉంచారు. ఆయనకి కావాల్సింది నిధులే కదా.

ప్రైవసీ మీద ఒక్క మాట. 2001లో, సెప్టెంబరు 11 దాడుల తర్వాత నిఘా అధికారాలు పెంచుతూ తెచ్చిన పేట్రియాట్ యాక్ట్‌కి సెనేట్‌లో వద్దన్న ఒకే ఒక్కరు మా విస్కాన్సిన్ రస్ ఫైన్‌గోల్డ్. 98-1. లేహీ అవునన్న 98 మందిలో ఉన్నారు. అది కూడా లెక్కలో రాయాలి.

నెట్‌వర్క్_మనిషి

పైన మిల్క్‌షెడ్ అన్న చివర్లో అన్నదాన్నే ఇంకొంచెం ముందుకి తీసుకెళ్తా. నేను టెలికాంలో ఉన్నాను, మా రంగంలో లేహీ అంటే అంత సాఫీగా ఉండదు. 1994లో కాలియా అనే చట్టం వచ్చింది, సెనేట్‌లో దాన్ని తెచ్చింది ఆయనే. ప్రతి ఫోన్ కంపెనీ తన స్విచ్‌లలో ట్యాపింగ్‌కి వీలుగా ఏర్పాటు ఉంచి తీరాలి, పోలీసులు కోర్టు ఆర్డరు తెస్తే వెంటనే వినిపించగలగాలి. ఎఫ్‌బీఐ అడిగినదానికన్నా దీన్ని కుదించాం, ఇంటర్నెట్ సేవల్ని బయట ఉంచాం అని అప్పట్లో వాదించారు, అది నిజమే కూడా. కానీ 2005లో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని బ్రాడ్‌బ్యాండ్‌కి పొడిగించింది. 2024లో సాల్ట్ టైఫూన్ అనే చొరబాటు బయటపడ్డప్పుడు చైనా హ్యాకర్లు అమెరికా ఫోన్ కంపెనీల్లోకి దూరి, కోర్టు ఆదేశాల మీద పోలీసులు అడిగిన సమాచారాన్నే కొంత కాపీ చేసుకున్నారని ఎఫ్‌బీఐయే చెప్పింది. తలుపు పోలీసు కోసమని పెడితే పోలీసు మాత్రమే వస్తాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు నడుస్తున్న రోజుల్లో మనకి ఇది దూరపు సంగతేం కాదు, పైగా మన దగ్గర ట్యాపింగ్‌కి హోం సెక్రటరీ అనుమతి చాలు, జడ్జి ప్రమేయమే లేదు.

2011లో పిపా బిల్లు కూడా ఆయనదే. పైరసీ సైట్లని అడ్రసు స్థాయిలోనే ఆపేయించే ఏర్పాటు అది, 2012 జనవరి 18న వికీపీడియా ఇంగ్లిష్ పేజీలు నల్లగా మారింది దానిమీద నిరసనగానే. రెండు రోజుల్లో ఓటింగు వాయిదా వేశారు, అంతే, మళ్లీ లేవలేదు.

పల్లెల కోసం అని చేసిన పనుల్లో కూడా ఒకటి బెడిసికొట్టింది. పెట్టుబడి పెట్టిన విదేశీయులకి గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-5 వీసాని ఆయన ఏళ్ల తరబడి వెనకేసుకొచ్చారు, వెర్మాంట్ ఉత్తర మూలకి ఉద్యోగాలు వస్తాయని. జే పీక్ రిసార్టు చుట్టూ విదేశీ ఇన్వెస్టర్ల నుంచి 35 కోట్ల డాలర్లకు పైగా సేకరించారు, తలకి ఐదు లక్షల డాలర్లు. 2016 ఏప్రిల్‌లో పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ అది మోసమని కేసు పెట్టింది, అందులో 20 కోట్లకి పైగా దారి మళ్లించారని. న్యూపోర్ట్ ఊరి మధ్యలో కడతామన్న భవనాల కోసం పాతవి కూల్చేశారు, కొత్తవి రాలేదు. పర్యవేక్షించాల్సిన ఈబీ-5 సెంటర్‌ని నడిపింది వెర్మాంట్ రాష్ట్ర ప్రభుత్వమే.

ఉత్తరపు_చలి

నెట్‌వర్క్_మనిషి గారూ, న్యూపోర్ట్ మేం వెళ్లాం. మెయిన్ స్ట్రీట్‌లో ఆ ఖాళీ జాగా చూసి కాలిపోయిందేమో అనుకున్నా, మీరు చెప్పాక అర్థమైంది. మరి ఈబీ-5 విషయంలో ఆయన తర్వాతేం చేశారు? కోర్టుమెట్లు గారూ, లైబ్రరీ సంగతి అడుగుతున్నా, రాయండి. పేట్రియాట్ యాక్ట్‌కి ఓటేసిన మనిషి ఎన్‌ఎస్‌ఏ మీద చట్టం ఎలా తెచ్చాడన్నది కూడా.

కోర్టుమెట్లు

ఈబీ-5 మొదట. లేహీ ఆ పథకాన్ని బాగుచేయాలని అయోవా రిపబ్లికన్ చక్ గ్రాస్లీతో కలిసి బిల్లు మీద బిల్లు పెట్టారు, చివరికి 2022 మార్చిలో సంస్కరణ చట్టమైంది. ఆడిట్లు, నిధుల మీద నిఘా, మోసం జరిగితే అమాయక ఇన్వెస్టర్లకి కొంత రక్షణ వచ్చాయి. పైగా వీసాల్లో 20 శాతం గ్రామీణ ప్రాజెక్టులకి కేటాయించారు. గ్రీన్‌కార్డు క్యూలో విసిగిపోయిన మనవాళ్లు ఇప్పుడు రూరల్ ఈబీ-5, ఎనిమిది లక్షల డాలర్లు అని అడుగుతున్నది దీన్నే. జే పీక్‌లో మునిగినవాళ్లకి ఆలస్యంగా వచ్చిన మందు అది, ఆ మాట ఒప్పుకోవాలి.

పేట్రియాట్ యాక్ట్ అప్పుడు లేహీ జ్యుడీషియరీ చైర్మన్, బుష్ ప్రభుత్వంతో బేరమాడింది ఆయనే. కొన్ని సెక్షన్లకి నాలుగేళ్ల గడువు పెట్టడంలో ఆయన పాత్ర ఉంది. గడువు లేకపోతే పదేళ్ల తర్వాత ఎవరికీ మళ్లీ చర్చించే అవకాశమే వచ్చేది కాదు. అదే చట్టంలో చిన్న రాష్ట్రాలకి హోంల్యాండ్ సెక్యూరిటీ గ్రాంట్లలో కనీసం 0.75 శాతం వాటా కూడా పెట్టించారు. న్యూయార్క్ వాళ్లు మండిపడ్డారు, తల లెక్కన చూస్తే వయోమింగ్‌కి తమకన్నా చాలా ఎక్కువ వస్తోందని. 2007లో ఆ కనీసాన్ని దాదాపు సగానికి తగ్గించారు. ఈ విషయంలో నేను న్యూయార్క్ వైపే, ప్రమాదం ఎక్కడుంటే డబ్బు అక్కడికి పోవాలి.

ఇక లైబ్రరీలు. 2020 మార్చిలో గడువు తీరేదాకా, పేట్రియాట్ యాక్ట్ సెక్షన్ 215 కింద ఎఫ్‌బీఐ ఏ వస్తువైనా, ఏ రికార్డైనా నిఘా కేసులు చూసే రహస్య కోర్టు ఆర్డరుతో తీసుకోగలిగేది, ఇచ్చినవాళ్లు ఇచ్చామని బయటికి చెప్పకూడదు. 1988లో లైబ్రరీ ముక్క తీసేయకుండా ఉండి ఉంటే పోరాటం ఇంకో చోట మొదలయ్యేది. దీనిమీద మొదట గట్టిగా లేచినవాళ్లలో వెర్మాంట్ లైబ్రేరియన్లు, పుస్తకాల షాపులవాళ్లు ఉన్నారు. మాంట్‌పీలియర్‌లో బేర్ పాండ్ బుక్స్ అనే షాపు, అడిగిన కస్టమర్ల కొనుగోలు రికార్డుల్ని 2003లో చెరిపేసింది, లేని కాగితం ఎవరూ లాక్కోలేరు కదా అని. ఎనిమిది వేల జనాభా ఉన్న రాజధాని అది. అంత చిన్న ఊళ్లో షాపువాడికి మీ ముఖం, మీ పిల్లలు, మీరు ఏం చదువుతారో అన్నీ తెలుసు. ఆ తెలిసింది పోలీసు ఫైలుకి ఎక్కకూడదు అనే పట్టుదల అలాంటి చోటే ఎక్కువగా పుడుతుంది. మీరు అడిగిన సంబంధం నా దృష్టిలో ఇక్కడుంది. నగరంలో మనిషికి గుంపు అడ్డం ఉంటుంది, పల్లెలో ఇరుగుపొరుగు మీద నమ్మకమే అడ్డం.

లేహీ 2006లో పేట్రియాట్ యాక్ట్ పొడిగింపుకి వద్దన్నారు, 2008లో నిఘాకి సహకరించిన ఫోన్ కంపెనీలకి మినహాయింపు ఇచ్చిన చట్టానికీ వద్దన్నారు. 2013 జూన్‌లో ఎన్‌ఎస్‌ఏ కాంట్రాక్టు ఉద్యోగి స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో, అదే 215 కింద దేశంలో అందరి ఫోన్ రికార్డులు ఎన్‌ఎస్‌ఏ మూకుమ్మడిగా తీసుకుంటోందని తెలిసింది. ఐదు నెలల్లోపే లేహీ, పేట్రియాట్ యాక్ట్ రాసినవాళ్లలో ఒకరైన జిమ్ సెన్సెన్‌బ్రెనర్ (ఈయనా విస్కాన్సినే, మిల్క్‌షెడ్ గారూ) కలిసి యూఎస్ఏ ఫ్రీడమ్ యాక్ట్ పెట్టారు. 2014 నవంబరులో సెనేట్‌లో 58-42 వచ్చింది, బిల్లు ముందుకి కదలడానికి 60 కావాలి, రెండు ఓట్లతో పోయింది. 2015లో యూటా రిపబ్లికన్ మైక్ లీతో కలిసి మళ్లీ తెచ్చి జూన్ 2న 67-32తో గెలిచారు. దాంతో రికార్డులు కంపెనీల దగ్గరే ఉండిపోయాయి, ప్రభుత్వం ఒక్కో నంబరు చెప్పి అడగాల్సి వచ్చింది. రహస్య కోర్టులో ప్రభుత్వ వాదన ఒక్కటే వినకుండా బయటి న్యాయవాదుల్ని పిలిచే ఏర్పాటు కూడా అందులోదే. 2020లో దాన్ని ఇంకా బలపరుస్తూ లీ, లేహీ తెచ్చిన సవరణ 77-19తో నెగ్గింది, అసలు బిల్లే ఆగిపోవడంతో అదీ పోయింది.

ఉపాధి_లెక్కలు

అనంతపురం జిల్లా నుంచి. సామాజిక తనిఖీల్లో పనిచేశాను. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్పాలి, మన ఊళ్లకి దగ్గరిది.

లేహీ పౌరుడి ప్రైవసీ కోసం ఎంత తిరిగాడో ప్రభుత్వ కాగితాలు బయటపెట్టించడానికీ అంతే తిరిగాడు. 2007లో టెక్సస్ రిపబ్లికన్ జాన్ కార్నిన్‌తో కలిసి సమాచార స్వేచ్ఛ చట్టాన్ని సవరించి, దరఖాస్తులు నాన్చితే అడగడానికి ఒక మధ్యవర్తి కార్యాలయం పెట్టించాడు. 2016 సవరణతో, దాచడానికి కారణం చూపలేకపోతే ఇచ్చి తీరాలి అన్నది చట్టంలోకే ఎక్కింది. ఆయనకి ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాలేదు. మనకి ఇప్పుడు అడ్డం పెట్టారు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, పండగ చేసుకున్నాం. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చేసింది. ముందు ఏముండేదంటే, ప్రజాపనితో సంబంధం లేని, లేదా గోప్యతకి అనవసరంగా భంగం కలిగించే వ్యక్తిగత సమాచారమైతేనే ఇవ్వక్కర్లేదు, అదికూడా విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలి, పార్లమెంటుకి కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదు అని. ఇప్పుడు వ్యక్తిగత సమాచారమైతే చాలు, ఇవ్వక్కర్లేదు. 8(2)లో ప్రజాప్రయోజనం మాట ఇంకా ఉంది, కానీ దాన్ని తూచేది అదే ఆఫీసరు. 2025 నవంబరులో ఇది అమల్లోకి వచ్చింది.

దీనర్థం ఊళ్లో ఎలా ఉంటుందో చెప్తా. ఆంధ్రలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు 2006లో మొదలయ్యాయి. బడి ముందో రచ్చబండ దగ్గరో జనాన్ని కూర్చోబెట్టి మస్టర్ (కూలీల హాజరు పట్టీ) గట్టిగా చదువుతాం, ఫలానా పేరు, ఇన్ని రోజులు, ఇంత కూలి. ఒకామె లేచి, నేను ఆ వారం కాన్పుకి పుట్టింట్లో ఉన్నా, నా పేరు మీద ఎవరు తీసుకున్నారు అంటుంది. చనిపోయినవాడి పేరు చదివితే కొడుకు లేస్తాడు. దొంగ మస్టర్లు అలా దొరికాయి. పేరు, పనిదినాలు, కూలి, ఇవన్నీ వ్యక్తిగత సమాచారమే కదా అని రేపు మండలాఫీసులో ఒక గుమస్తా అంటే ఏం చెప్పాలి? అదే సమయంలో ఆ కూలీ వేలిముద్ర, ఆధార్ నంబరు, ఖాతా వివరాలు ఎన్ని చేతులు మారుతున్నాయో ఆమెకి ఎవరూ చెప్పరు. వేళ్లు అరిగిపోయి మెషీన్ తీసుకోకపోతే బియ్యం లేదంటారు. కాపాడాల్సిన సమాచారానికి కాపలా లేదు, బయట పెట్టాల్సినదానికి తాళం వేశారు. ప్రైవసీ పేరుతో ఇది జరగడం నాకు చాలా బాధగా ఉంది.

ఉత్తరపు_చలి

ఇది నాకు అస్సలు తట్టలేదండి, థాంక్స్. మన ఎంపీల సంగతి ఒక్కటి మిగిలింది.

కోర్టుమెట్లు

దానికి జవాబు మన వ్యవస్థలోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక మంత్రి కాని సభ్యులు పెట్టిన బిల్లుల్లో చట్టాలైనవి 14, చివరిది 1970లో. ఆ తర్వాత ఒక్కటీ లేదు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ దాటితే సీటే పోతుంది, కాబట్టి లేహీ, లీ లాగా రెండు పార్టీల సభ్యులు కలిసి తమ పార్టీ పెద్దలకి నచ్చని సవరణ నెగ్గించడం దాదాపు కుదరదు. ప్రైవసీ మీద ప్రైవేటు బిల్లులు మన ఎంపీలూ పెట్టారు, జయ్ పాండా, శశి థరూర్ చెరొకటి పెట్టారు. అవి చట్టాలు కాలేదు. ప్రభుత్వ బిల్లు 2019లో సంయుక్త కమిటీకి వెళ్లింది, రెండేళ్లు కూర్చుని 2021 డిసెంబరులో నివేదిక ఇస్తే 2022 ఆగస్టులో బిల్లునే వెనక్కి తీసుకున్నారు. 2023లో కొత్తది ఆగస్టు 3న పెట్టి, ఏ కమిటీకీ పంపకుండా 7న లోక్‌సభలో, 9న రాజ్యసభలో ఆమోదించారు. ఉపాధి_లెక్కలు గారు చెప్పిన 44(3) ఆ ఆరు రోజుల్లో దాటిపోయింది.

అందుకని ఎంపీలు అసమర్థులని నేను అనను, వాళ్ల చేతిలో పనిముట్టు లేదు. ఉన్నది ప్రశ్నోత్తరాల సమయం, స్థాయీ సంఘం. ఉపాధి_లెక్కలు గారూ, 44(3) తర్వాత మీ జిల్లాలో వ్యక్తిగత సమాచారం అని తిప్పికొట్టిన దరఖాస్తుల కాపీలు మీ దగ్గరుంటే నాకు మెసేజ్ పెట్టండి. మీ ఎంపీ లోక్‌సభలో అడగడానికి వీలుగా ప్రశ్న రూపంలో నేను రాసిస్తాను.